మూడోసారి పెట్టిన కాలు

నేను ఈ లోకంలోకి కాళ్లు ముందు పెట్టి వచ్చాను. మా అమ్మ రెండు రోజులు చచ్చి బతికిందట. మంత్రసాని నోరు నొక్కుకుందట. మా అవ్వ మాత్రం నాకు నీళ్లు పోయించి, నా ఎడమ అరికాలు తన నడుముకు ఆనించుకుని, ఇంక నా నడుముకు దిగుల్లేదు అందట. అంటే పుట్టిన పూటే నాకు ఉద్యోగం దొరికిందన్నమాట. పుంగనూరు ఆడపిల్లల హైస్కూల్లో అటెండరు ఉద్యోగం దొరకడానికి మాత్రం ఇంకో ఇరవై ఆరేళ్లు పట్టింది.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదిలిపోతుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నమ్మనివాళ్లు సైతం నడుము పట్టేసిన రోజు నమ్ముతారు. దానికి పద్ధతులున్నాయి. ఆదివారమే తొక్కాలి, ఎండ ఎక్కకముందే తొక్కాలి. తొక్కేవాళ్లూ తొక్కించుకునేవాళ్లూ పరగడుపున ఉండాలి. ఎడమకాలితో సరిగ్గా మూడుసార్లు. అయ్యాక ఆ మనిషి లేచి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి, చూస్తే పోయిన పట్టు మళ్లీ వెంట పడుతుంది. డబ్బులు ముట్టకూడదు. దోసెడు బొరుగులో, బెల్లం ముక్కో ఇచ్చి పోతే చాలు.

అయిదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి నా ఆదివారాలు అట్లా గడిచాయి. పుంగనూరుకు మూడు మైళ్ల దూరంలో మా పల్లె. మా నాయన రంగప్ప బెల్లం గానుగలో కూలి. తెల్లవారకముందే మా వాకిట్లో నలుగురైదుగురు బోర్లా పడుకుని ఉండేవాళ్లు. నేను కిటికీ కమ్మీ పట్టుకుని, బరువంతా వేయకుండా, ఒక్కొక్కరి వీపు మీద కాలు పెట్టేదాన్ని. చెరుకు మోసేవాళ్లకు మెడ కింద గట్టిపడుతుంది. నాట్లేసే ఆడవాళ్లకు నడుము దగ్గర. రాళ్లు కొట్టేవాళ్లకు కుడి రెక్క కింద. మొహం చూసి మనిషిని పోల్చుకోలేని వయసులోనే వీపును బట్టి పోల్చుకునేదాన్ని. ఇప్పటికీ అంతే. పెళ్లిళ్లలో ఎవరైనా పలకరిస్తే పేరు గుర్తుకు రాదు, అటు తిరిగితే గుర్తొస్తుంది.

ఆ వరసలో చివర మా తమ్ముడు ముద్దుకృష్ణ పడుకునేవాడు. నాకంటే మూడేళ్లు చిన్న. వాడికి ఏ నొప్పీ ఉండేది కాదు. పెద్దవాళ్లలాగే బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, మూలుగుతూ అడిగేవాడు.

"అక్కా, నీ కాలు ఏం సెప్తాండాది?"

నీకు బొరుగుల మీద ఆశ పట్టుకుందని చెప్తోంది అనేదాన్ని. మూడుసార్లు తొక్కాక వాడు లేచి, మెడ బిగబట్టుకుని, వెనక్కి తిరక్కుండా వాకిలి దాటి వీధి మలుపు దాకా నడిచేవాడు. అక్కడ అయిదు అంకెలు లెక్కపెట్టుకుని, బొరుగుల పంపకానికి పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. నా జీవితంలో అంత నవ్వు తెచ్చిన విషయం ఇంకోటి లేదు.

వాడు పెద్దవాడై మదనపల్లె డిపోలో బస్సు డ్రైవరయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్లు మదనపల్లె నుంచి కుప్పానికి, కుప్పం నుంచి మదనపల్లెకు. మధ్యలో పుంగనూరు. మా స్కూలు గోడ పక్కగా వెళ్లేటప్పుడు రెండు చిన్న హారన్లు, ఒక పెద్ద హారను కొట్టేవాడు. పదో తరగతి పిల్లలు లెక్కల పరీక్ష రాస్తూ కూడా "మీ తమ్ముడు వచ్చినాడక్కా" అని నవ్వేవాళ్లు. హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు పిలిచి మందలించింది. నేను వాడికి చెప్పలేదు. ఆ హారను వినకపోతే నాకే పొద్దు గడిచేది కాదు.

డ్రైవర్ల వీపు ఎడమ వైపు బండబారిపోతుంది. నెలకోసారో రెండుసార్లో ఆదివారం మొదటి బస్సుకు పుంగనూరులో మా ఇంటికి వచ్చి తొక్కించుకుని పోయేవాడు. మా ఇంట్లో గచ్చు వేశాక చాప పరిచేదాన్ని, అదొక్కటే మార్పు. అరవై ఏళ్లు వచ్చి రిటైరయ్యాక కూడా ఆ రాక మానలేదు. బస్సు దిగినవాడికి నడుము పట్టు ఎక్కడిదిరా అంటే, సోఫాలో కూర్చుని కూర్చుని పట్టిందనేవాడు. దొంగమాట. అక్కను చూడాలని వస్తున్నానని నోరు తెరిచి చెప్పే రకం కాదు వాడు. నేనూ కాదు.

పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం ఆరున్నరకు వచ్చాడు. మా ఆయన వెంకటేశులు డెయిరీకి పాలు పోయడానికి వెళ్లాడు. నేను పరగడుపున ఉన్నాను. అంత చలిలో వాడి చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుని ఉంది. మొహంలో రక్తం లేదు. నాలుగింటప్పుడు రెండు రెక్కల మధ్య ఎవరో కత్తితో గీరినట్టయిందని, ఇంత నొప్పి ఎప్పుడూ ఎరగనని చెప్పాడు. నాకు కోపమెక్కువ, మా వాళ్లందరికీ తెలుసు. భయమేసినప్పుడు ఇంకా ఎక్కువ. పనీపాటా లేకుండా తిని కూర్చుంటే ఇట్లాగే పడుతుందని తిడుతూనే చాప పరిచాను.

కిటికీ కమ్మీ పట్టుకుని మొదటిసారి తొక్కాను.

అరవై ఏళ్లు తొక్కిన కాలు. పట్టేసిన వీపు కాలి కింద బిగుసుకుని ఉంటుంది, నొక్కే కొద్దీ ఎదురు తిరుగుతుంది, తరవాత మెల్లగా లొంగుతుంది. లొంగినప్పుడు మనిషి హమ్మయ్య అని ఊపిరి వదులుతాడు. ఆ ఊపిరి కోసమే ఇన్నేళ్లూ తొక్కాను. ముద్దుకృష్ణ వీపు ఆ రోజు మెత్తగా ఉంది. ఎక్కడా పట్టు లేదు. పాదం అటూ ఇటూ జరిపి వెతికాను. లేదు.

రెండోసారి కొంచెం గట్టిగా తొక్కాను. వాడు కేక పెట్టాడు. నేను కాలు పెట్టిన చోట కాదు నొప్పి. యాడుండాది అని అడిగితే, ఇందాక పైన ఉండింది, ఇప్పుడు నడుములోకి దిగింది అన్నాడు. పట్టు అన్నది ఒకచోట కూర్చుంటుంది. నడిచే పట్టును నేనెప్పుడూ చూడలేదు. కాలు తీసేశాను.

"ఇంకోటి తొక్కుక్కా. మూడు కాకుండా లేస్తే పట్టు పోదు."

"ఇది పట్టు కాదురా. నా కాలికి తెలస్తాండాది. లెయ్యి."

వాడు మొండికేశాడు. మూడోది తొక్కితే పోతుందని బతిమాలాడు. అరవై రెండేళ్ల మనిషి, చెంప చాపకు ఆనించి, చిన్నప్పటిలాగే. ఒక్క క్షణం నా కాలు లేచింది కూడా. తొక్కేస్తే పోదా అనిపించింది. ఎందుకు నేల మీదికి దించానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. వాణ్ణి లేపడానికి రెండు చేతులూ పట్టుకున్నాను. కుడిచేయి వెచ్చగా ఉంది. ఎడమచేయి కుండ అడుగులా చల్లగా ఉంది. ఒకే మనిషికి రెండు చేతులు రెండు రకాలుగా ఉండడం చూసి, వీధిలోకి పోయి ఆటోను ఆపాను.

ఆసుపత్రిలో ఆ పొద్దున డ్యూటీలో ఉన్న డాక్టరు నీలిమ. మా స్కూల్లో చదివిన పిల్లే. వారానికి మూడు రోజులు ఆలస్యంగా వచ్చేది, నేను గేటు దగ్గర నిలబెట్టేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, మా తమ్ముడికి గుండె పరీక్ష తీయించింది. కాగితం మీద గుండెపోటు గుర్తులేవీ లేవు. నేను ఊరుకోలేక, ఒక సేయి సల్లగా ఉండాది తల్లీ, రెండూ సూడు అన్నాను. ఆమె కుడిచేతికి పట్టీ కట్టి బీపీ చూసింది, నూటతొంభై. ఎడమచేతికి కట్టింది, నూటపది. మళ్లీ కట్టి చూసింది. ఆ పిల్ల మొహం మారిపోయింది.

వీపు మీద దెబ్బేమైనా తగిలిందా, ఎక్కడన్నా పడ్డాడా అని అడిగింది.

లేదన్నాను.

అంత చదువుకున్న పిల్ల ముందు, నేను గేటు దగ్గర నిలబెట్టిన పిల్ల ముందు, తొక్కానని చెప్పడానికి నాకు సిగ్గేసింది. సిగ్గు మాత్రమే అయితే బాగుండేది. ఏదో పగిలిపోయిందని, పగలగొట్టింది నా కాలేనని అప్పటికే నా మనసు చెబుతోంది. ముప్పై నాలుగేళ్లు పిల్లల అబద్ధాలు పట్టినదాన్ని, మొహం ఎట్లా పెట్టాలో నాకు బాగా తెలుసు. నీలిమ నమ్మింది. మంచం మీద నుంచి ముద్దుకృష్ణ కూడా, ఏ దెబ్బా లేదు తల్లీ అన్నాడు.

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోపల చీలి ఉండొచ్చని, స్కాన్ తీస్తేగానీ తేలదని, అదే అయితే ఇవాళే ఆపరేషన్ కావాలని నీలిమ చెప్పింది. బీపీ దించే ఇంజెక్షన్ ఇచ్చి, కుప్పంలో గుండె సర్జన్లున్న పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. పది నిమిషాల్లో 108 వచ్చింది. మదనపల్లెలో ఉన్న మా మరదలు ప్రమీలకు నేను ఫోన్ చేసి, నేరుగా కుప్పానికి రమ్మన్నాను.

అట్లా మా తమ్ముడు తన రూట్లోనే బయలుదేరాడు. ఇరవై ఎనిమిదేళ్లు ముందు సీట్లో కూర్చుని తోలిన దారి, ఇప్పుడు వెనక పడుకుని. మందు వల్ల నొప్పి కాస్త తగ్గింది. కళ్లు మూసుకునే మలుపు మలుపూ చెప్పాడు. బండి కుదుపును బట్టి పలమనేరు వచ్చిందన్నాడు, వచ్చింది. అడివి మొదలైందన్నాడు, మొదలైంది. ఒక సాయంత్రం ఇక్కడే ఏనుగుల గుంపు అడ్డమొస్తే గంటన్నర బండి ఆపేశానని, బస్సులో ఒక పెళ్లి బృందం ఉందని, వాళ్లు లడ్లు పంచితే అందరూ తిన్నారని చెప్పాడు. ఆ కథ నాకు నూరుసార్లు చెప్పాడు. ప్రతిసారీ ఏనుగులు పెరిగేవి. ఆ రోజు మాత్రం మూడే ఉన్నాయి. అందుకే నాకు భయమేసింది.

వి.కోట దాటాక నా చేయి పట్టుకున్నాడు.

"తొక్కిన సంగతి యాడా సెప్పొద్దక్కా. ప్రమీల నిన్ను బతకనీదు."

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పెద్దాసుపత్రి మీ వీధి చివరే ఉండాది గదరా మదనపల్లెలో. నాలుగింటికి నొప్పి వస్తే ఈడిదాకా యాల వచ్చినావు?"

"నీ కాలుండాది గదా అనుకున్నా" అన్నాడు.

కాళ్లు ముడుచుకుని, చీర కుచ్చిళ్లు లాగి నా పాదాలు నాకే కనపడకుండా కప్పుకున్నాను.

కుప్పంలో స్కాన్ తీశారు. సర్జన్ పేరు చంద్రశేఖర్, యాభై దాటిన మనిషి, నిలబడే తీరు చూస్తేనే వీపు నొప్పి ఉందని తెలిసిపోతుంది. ఆయన నన్ను గదిలోకి పిలిచి, నాకర్థమయ్యేలా చెప్పాడు. గుండె నుంచి పైకి లేచే పెద్ద రక్తనాళం గోడలో పొరలుంటాయి. లోపలి పొర చిరిగితే రక్తం దారి తప్పి పొరల మధ్యకు తోసుకుపోతుంది, జాకెట్టు తొడుక్కోబోతే చేయి చిరిగిన లైనింగులోకి దూరినట్టు. అట్లా తోసుకుంటూ ఎడమచేతికి పోయే దారిని సగం మూసేసింది. కిందికి నడుము దాకా పోయింది. అందుకే నొప్పి నడిచింది. బయటి పొర కూడా తెగితే మనిషి నిమిషాల్లో పోతాడు.

చేయాల్సిందేమిటో కూడా చెప్పాడు. రొమ్ము ఎముక కోసి తెరవాలి. రక్తాన్ని యంత్రానికి అప్పగించి, ఒళ్లంతా చల్లబరచి, గుండె ఆపాలి. చిరిగిన ముక్క కోసేసి, ఆ చోట గుడ్డతో నేసిన గొట్టం కుట్టాలి. తరవాత ఒళ్లు వెచ్చబెట్టి గుండెను మళ్లీ కొట్టించాలి. పదిమందిలో ఇద్దరు బల్ల మీదే పోవచ్చు. చేయకపోతే ఎవరూ మిగలరు. ప్రమీల ఇంకా రాలేదు. సంతకం నేను పెట్టాలి.

కాగితం మీద ఒక ప్రశ్న ఉంది. దెబ్బ తగిలిందా, బరువెత్తాడా అని. ఆయన పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. పొద్దున ఆడిన అబద్ధం నా నోట్లోనే సిద్ధంగా ఉంది. వాడు కూడా చెప్పొద్దన్నాడు. కానీ లోపల ఏ పొర ఎక్కడ చిరిగిందో తెలియక ఈయన వెతుక్కుంటూ ఉంటే, నేను దాచిన ముక్క వల్ల వాడు పోతే, నేనెట్లా బతుకుతాను?

"నేను తొక్కినానప్పా" అన్నాను. అంతా చెప్పాను. ఎదురుకాళ్లు, ఆదివారం, పరగడుపు, అన్నీ. ఎక్కడ కాలు పెట్టానో నా వీపు మీద చేయి వేసి చూపించాను.

ఆయన నవ్వలేదు. తిట్టలేదు. ఎన్నిసార్లు అని అడిగాడు.

రెండన్నాను.

"మూడుసార్లన్నారు కదమ్మా ఇందాక."

"మూడోది తొక్కలేదు. అది పట్టు కాదని కాలికి తెలిసినాది."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. తరవాత నిదానంగా మాట్లాడాడు.

"మీ కాలు చీల్చలేదమ్మా. చీలింది నాలుగింటికే, బీపీ వల్ల. కానీ ఇట్లాంటి వీపును తొక్కకూడదు. ఈ జబ్బులో గంట గడిచేకొద్దీ మనిషి చేజారిపోతాడు, మీ కాలి మీద నమ్మకంతో రెండున్నర గంటలు పోగొట్టుకున్నాడు. మూడోది కూడా తొక్కి ఇంటికి పంపించి ఉంటే ఈపాటికి బతికి ఉండడు. ఇందులో ఏది తీసుకుంటారో మీ ఇష్టం. నేను మాత్రం వెళ్లి పని మొదలుపెట్టాలి."

సంతకం పెట్టాను. ఇంత ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ క్షణంలో ఆయన మీద కోపం వచ్చింది, ఇప్పుడు లేదు.

స్ట్రెచర్ మీద తీసుకుపోతున్నప్పుడు నేను తల వైపు నిలబడ్డాను. ప్రమీల అప్పుడే ఆటో దిగి పరిగెత్తుకుంటూ వచ్చి వాడి కాళ్లు పట్టుకుంది. వాడు ఆమెతో ఏదో చెప్పాడు. తలుపు దగ్గరికి పోయాక, మెడ బిగబట్టుకుని పైకప్పు కేసే చూస్తూ నాతో అన్నాడు.

"ఎనక్కి తిరిగి సూడనులేక్కా."

తలుపు మూసుకుంది. నాకు మా పల్లె వీధి మలుపు కనిపించింది, అక్కడ నిలబడి అయిదు అంకెలు లెక్కపెట్టుకునే పిల్లవాడు కనిపించాడు. ఈసారి ఎన్ని లెక్కపెట్టాక వస్తాడో నాకు తెలియదు.

పదకొండున్నరకు మొదలైంది. బెంచీ మీద ప్రమీల పక్కన కూర్చుని, తొక్కిన సంగతి ఆమెకూ చెప్పేశాను. ఒకసారి నిజం చెప్పాక రెండోసారి సులువనుకున్నాను, కాదు. ప్రమీల కొంగు అంచు నలుపుతూ కూర్చుంది. తిట్టు, పడతాను అనుకున్నాను. ఆమె నేల చూస్తూ అంది.

"ఆస్పత్రికి పోదాం రమ్మని నేనే బతిమాలినా వదినా. అక్క కాడికి పోయొస్తే సాలు అన్నాడు. అంత నమ్మకం నామీద ఏ రోజన్నా ఉన్నిందా అని నాకు కోపమొచ్చె. పో అంటి."

ఆ తరవాత చేతిసంచిలోంచి బీపీ మాత్రల అట్టలు తీసి నా ఒళ్లో పెట్టింది. ఎనిమిది నెలలవి. ఒక్కటీ చింపలేదు. డిపోలో ఉన్నప్పుడు ఆరు నెలలకోసారి పరీక్ష చేసేవాళ్లు కాబట్టి మింగేవాడట, రిటైరయ్యాక అడిగేవాళ్లు లేరని మెల్లగా మానేశాడట. సోఫా కింద దాచిన అట్టలు ఆ పొద్దునే ఆమెకు దొరికాయట. నేను తిట్టాల్సినవాణ్ణి లోపల గుండె ఆపి పడుకోబెట్టారు. ఎవరిని తిట్టాలో తెలియక ఇద్దరం ఆ అట్టలు పట్టుకుని ఏడ్చాం.

మధ్యాహ్నం ప్రమీల టీ తెచ్చింది. నేను తాగలేదు. పొద్దున్నుంచి పరగడుపునే ఉన్నాను, ఎందుకో అట్లాగే ఉండాలనిపించింది. మూడోది పూర్తికాలేదు గనక ఆదివారం ఇంకా అయిపోలేదని నా లెక్క. చదువుకున్నవాళ్లు నవ్వితే నవ్వుకోవచ్చు. ఇంక ఈ కాలు ఎవరి మీదా పెట్టను, వాణ్ణి పంపించు స్వామీ అని మొక్కుకున్నాను.

పొద్దు గూకాక ఏడింటికి సర్జన్ బయటికి వచ్చాడు. ఒక చేయి నడుము మీద పెట్టుకుని నడుస్తున్నాడు. గుండె తనంతట తాను కొట్టుకుంటోందని చెప్పాడు. ఎడమచేతిలో నాడి వచ్చిందన్నాడు. మిగిలిన గుడ్డ గొట్టం ముక్కను చిన్న డబ్బాలో తెచ్చి చూపించాడు. తెల్లగా, బొటనవేలి కంటే లావుగా, సన్నని ముడతలతో ఉంది. ప్రమీల దాన్ని కళ్లకద్దుకుంది. నేను చల్లారిన టీ తాగాను.

నాలుగో రోజు మాట్లాడాడు. నర్సు తడి దూదితో పెదాలు తుడుస్తుంటే, గొంతు సరిగా రాక గుసగుసగా, మూడోది మిగిలే ఉండాదక్కా అన్నాడు. నర్సు మందు మత్తు అనుకుంది. నేను వాణ్ణి అక్కడే, తీగలూ గొట్టాలూ ఉన్న మనిషిని, మాత్రల సంగతి ఎత్తి కడిగేశాను. ప్రమీల ఆపలేదు.

ఆ తరవాత నా ఆదివారాలు ఖాళీ అయ్యాయి. అలవాటు కొద్దీ చీకటితోనే లేచేదాన్ని. జనం వస్తూనే ఉన్నారు. నేను చాప పరవలేదు. వచ్చినవాళ్ల రెండు చేతులూ పట్టుకుని చూసి, ఎప్పటి నుంచి నొప్పి, ఎక్కడ, బీపీ మాత్రలు మింగుతున్నావా అని గదమాయించి, నీలిమ దగ్గరికి తోలేదాన్ని. మునెమ్మ కాలిలో సత్తువ పోయిందని ఊళ్లో అనుకున్నారు. పోతే పోనీ అనుకున్నాను. కానీ అబద్ధమెందుకు, దిగులుగానే ఉండేది. తెల్లవారుజామున ఆ వాకిలి, కాలి కింద లొంగే వీపు, హమ్మయ్య అనే ఊపిరి, బొరుగుల వాసన, ఇవన్నీ నాతో అయిపోయాయని తెలిసి కూడా చెవులు వాకిలి వైపే ఉండేవి.

శ్రావణమాసంలో ఒక ఆదివారం ఆరున్నరకు గేటు చప్పుడైంది. ముద్దుకృష్ణ. చిక్కిపోయాడు, మెడ కింద నుంచి నిలువునా కుట్టు గీత చొక్కా గుండీల మధ్య కనిపిస్తోంది. చేతిలో కాగితం పొట్లం. లోపలికి వచ్చి, చాప ఎక్కడుంటుందో వాడికి తెలుసు, తనే తెచ్చి పరిచాడు. నేను చాప లాగేయబోయాను. బోర్లా పడుకోవచ్చని డాక్టరు చెప్పాడని, తొక్కొద్దని కూడా చెప్పాడని, రెండూ వింటానని అన్నాడు. మెల్లగా ఒక్కో చేయీ ఆనించి పడుకుని, చెంప చాపకు పెట్టుకున్నాడు.

"తొక్కొద్దులేక్కా. పెట్టు సాలు."

మొక్కుకున్నాను గదా అని గుర్తొచ్చింది. దేవుడు అడిగితే, ఇది తొక్కడం కాదని చెప్పుకుంటాను. కిటికీ కమ్మీ రెండు చేతులా పట్టుకుని, బరువంతా కమ్మీ మీదే వేసి, ఎడమ అరికాలు వాడి రెండు రెక్కల మధ్య ఆనించాను. ఈగ వాలినంత. వీపు వెచ్చగా ఉంది. కాసేపటికి అరికాలికి తెలిసింది, లోపల గుండె కొట్టుకుంటోంది. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. ఎవరో ఎక్కడో నేసిన గుడ్డలోంచి మా అమ్మానాయనల రక్తం పోతోంది.

"నీ కాలు ఏం సెప్తాండాది?" అని అడిగాడు.

కన్నీళ్లు కమ్మీ మీద పడ్డాయి.

"బండి పోతాండాదిరా" అన్నాను.

వాడు హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. మెల్లగా లేచి, బొరుగుల పొట్లం గడప మీద పెట్టి, వీధిలోకి నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఇంకో నాలుగడుగులు వేసి మళ్లీ చూశాడు. తిరిగి చూస్తే పట్టు మళ్లీ వెంట పడుతుందిరా అని అరవబోయి, గేటు పట్టుకుని నిలబడిపోయాను. మలుపు దాకా చూస్తూనే పోయాడు.